పైకి ఆరింది సరే, లోపల మానిందా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా మావయ్యగారికి 62 ఏళ్ళు, చాలా ఏళ్ళుగా షుగరు ఉంది. రెండెకరాల రొయ్యల చెరువు లీజుకి చేస్తున్నారు. 11 రోజుల క్రితం చెరువులో దిగినప్పుడు మడమ పక్కన గుల్ల కోసుకుంది. మెడికల్ షాపు నుంచి యాంటీబయాటిక్ పౌడరు డబ్బా తెచ్చుకుని రోజుకి మూడు నాలుగు సార్లు చల్లుకుంటున్నారు. ఆ కాలితోనే రోజూ చెరువులో దిగుతున్నారు. పైన తెల్లగా పెచ్చు కట్టింది. "నెప్పి లేదు, ఆరిపోతోంది" అంటున్నారు గానీ దగ్గరికి వెళితే వాసన వస్తోంది. అదే డబ్బాలోంచి మా వారు ఒరిసిపోయిన కాలివేళ్ళ సందుల్లో, మా అత్తయ్యగారు తన బోదకాలు మడతల్లో వేసుకుంటున్నారు. మూడేళ్ళ మా పాపకి చెమటకాయల మీద కూడా అదే. పైపూత మందే కదా, ఏం కాదంటున్నారు. ఆయింట్‌మెంట్ రాస్తే చీము పడుతుందని, పొడి అయితే పుండుని ఆరబెడుతుందని అత్తయ్యగారి నమ్మకం. ఇది నిజమేనా? ఎన్నాళ్ళు వాడచ్చు?
ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం:

అమ్మా, మీరడిగిన వాటిలో చాలా వరకు ఆగినా పరవాలేదు. ఒకటి మాత్రం ఆగదు. మీ మావయ్యగారిని ఇవాళే డాక్టరుకి చూపించండి. ఈ రొయ్యల పట్టుబడి అయ్యాక కాదు, వచ్చే ఆదివారం కాదు, ఇవాళ. మిగతాది వెళ్ళొచ్చాక తీరిగ్గా చదువుకోవచ్చు.

షుగరు, వాసన, నెప్పి లేదు. మీ ఉత్తరంలో ఈ మూడు మాటలు చూశాక నాకు టెన్షన్ మొదలైంది. మొదటి రెండింటికీ ఎవరైనా భయపడతారు. మూడోదాన్ని మాత్రం ఇంటిల్లిపాదీ మంచి కబురే అనుకుంటారు. 11 రోజుల మడమ పుండు, దాని మీదే నడుస్తూ, చెరువు నీళ్ళలో నానుతూ కూడా నెప్పి పెట్టడం లేదంటే అది మానుతోందని కాదు. ఏళ్ళ తరబడి షుగరున్న వాళ్ళకి పాదాల్లో నరాలు మొద్దుబారిపోతాయి. చీము ఎముక దాకా దిగినా వాళ్ళకి తెలియదు. చెరువు మీద రాత్రి కరెంటు పోతే మోగే అలారం పాడైందనుకోండి. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిన సంగతి కాపలా మనిషికి తెలియదు, హాయిగా నిద్రపోతాడు. తెల్లారేసరికి చెరువు పోతుంది. మావయ్యగారికి ఈ పోలిక చెప్పి చూడండి, నా సలహాల కంటే తొందరగా ఎక్కుతుంది.

డాక్టరు ముందు ఆ తెల్లటి పెచ్చుని నానబెట్టి తీస్తారు. అడుగున చచ్చిన కండ ఉంటే కత్తిరిస్తారు, పుండు ఎంత లోతుకి పోయిందో చూస్తారు. ఎముక మీద అనుమానముంటే ఎక్స్‌రే తీయిస్తారు. పాదానికి రక్తం సరిగ్గా వస్తోందో లేదో నాడి చూస్తారు. షుగరు, కిడ్నీ పరీక్షలు రాస్తారు. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నారని అడుగుతారు. ఇలాంటి మురికి గాయానికి, చివరిసారి చేయించుకుని 5 ఏళ్ళు దాటితే మళ్ళీ వేయాలి. లోపలికి ఏ యాంటీబయాటిక్ మింగాలి, ఎన్నాళ్ళు మింగాలి అన్నది పుండు చూసినవాళ్ళే చెప్పాలి. ఉత్తరం చదివి నేను చెప్పకూడదు.

దారిలోనో, రాత్రికో కాలు వాచి ఎర్రదనం పైకి పాకుతున్నా, గజ్జల్లో బిళ్ళ కట్టినా, చలితో జ్వరం వచ్చినా, పుండు చుట్టూ చర్మం నల్లబడినా, నీటి బొబ్బలు లేచినా ఊళ్ళో క్లినిక్‌లో ఆగకుండా నేరుగా పెద్దాసుపత్రికి పొండి. చెరువు మనుషులకి ఇది గట్టిగా చెప్పడానికి కారణముంది. ఉప్పు కలిసిన వెచ్చటి నీళ్ళలో విబ్రియో వల్నిఫికస్ అనే సూక్ష్మజీవి బతుకుతుంది. చిన్న గీత దొరికినా చాలు, దాంట్లోంచి లోపలికి పోతుంది. అరుదే, కానీ షుగరు, లివరు జబ్బు ఉన్నవాళ్ళకి పట్టుకుంటే ఒకటి రెండు రోజుల్లోనే కాలు పోయే దాకా, ప్రాణం మీదికి వచ్చే దాకా వెళ్తుంది. 11 రోజులు గడిచాయి కాబట్టి మావయ్యగారికి పట్టింది అది కాదనుకుందాం. కానీ ఆయన ఈ రోజుకీ నోరు తెరుచుకున్న పుండుతో అదే చెరువులో దిగుతున్నారు కదా. డాక్టరు సరేననే వరకు నీళ్ళలో దిగడం మానిపించండి. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలు ఇంకెవరైనా చూస్తారు.

ఇక డబ్బా సంగతి. నేను డాక్టర్ని కాదు, ఫార్మసిస్టుని. 27 ఏళ్ళు కోనసీమలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడ్డాను. "పుండు మీద చల్లే పౌడరు ఒకటివ్వండి" అంటే ఏ పుండు, ఎవరికి, ఎన్నాళ్ళ నుంచి అని అడక్కుండా ఇచ్చేసిన రోజులు నాకూ ఉన్నాయి. బేరం పది సెకన్లలో అయిపోయేది. కాబట్టి మీకు అమ్మినాయన్ని నేనేమీ అనలేను. కానీ డబ్బా మీద ఎర్ర గీత ఉందేమో చూడండి. డాక్టరు చీటీ మీద వాడాల్సిన మందు అని ఆ గీతకి అర్థం.

ఈ పౌడర్లలో ఎక్కువగా కనిపించేవి మూడు మందులు: నియోమైసిన్, పాలిమిక్సిన్ బి, బాసిట్రాసిన్. ఈ చివరిదాని పేరు వెనక చిన్న కథ ఉంది. 1943లో న్యూయార్క్‌లో ట్రేసీ అనే చిన్నపాప కాలు విరిగి గాయమైతే, ఆ గాయంలోనే ఈ మందుని తయారుచేసే సూక్ష్మజీవి దొరికింది. దాని జాతి పేరు బాసిల్లస్. దానికి పాప పేరు కలిపి బాసిట్రాసిన్ అన్నారు. పుండులో పుట్టిన మందన్నమాట. అంతమాత్రాన ఏ పుండుకైనా పనికొస్తుందని కాదు. ఈ మూడూ పుండు పైభాగాన ఉన్న సూక్ష్మజీవుల మీద పనిచేస్తాయి. కండలోకి దిగినవాటిని అందుకోలేవు. మోకాలు గీసుకుపోయినప్పుడు, కత్తిపీట పైపైన తెగినప్పుడు, అదీ శుభ్రంగా కడిగాక, నాలుగైదు రోజులు వాడటానికి బాగుంటాయి. లోతుగా దిగిన గుల్ల కోతకి, మేకు గుచ్చుకున్న పోటుకి, సెగ్గడ్డకి, షుగరు పుండుకి వీటితో సొంత వైద్యం పనికిరాదు. కుక్క కరిస్తే అసలు డబ్బా జోలికే పోవద్దు. పంపు కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడిగి, రేబీస్ టీకాకి పరుగెత్తాలి.

మీ అత్తయ్యగారి మాటకి వద్దాం. పొడి అయితే ఆరుతుంది, ఆయింట్‌మెంట్ అయితే చీము పడుతుంది అన్నది ఆవిడ ఒక్కరి మాటే కాదు, కౌంటర్ దగ్గర రోజుకి పదిసార్లు విన్నాను. మన తేమ వాతావరణంలో, చెమటకి అంగీ ఒంటికి అంటుకుపోయే చోట, తడి అంటే అనుమానం రావడం సహజం. అందులో కొంత నిజమూ లేకపోలేదు. కొద్దిగా నీరు కారుతున్న పైపై గీతకి పలచగా పొడి వేస్తే హాయిగా ఉంటుంది. చెమటపట్టే మడతల్లో జిడ్డు మందు దట్టంగా పులిమితే చర్మం నాని తెల్లబడుతుంది కూడా. కానీ ఆరడం వేరు, మానడం వేరు. మనం ఈ రెండు మాటల్నీ ఒకే అర్థంలో వాడేస్తాం, చిక్కంతా అక్కడే వస్తోంది.

పుండు మానడమంటే అంచుల నుంచి కొత్త చర్మం లోపలికి పాకుతూ రావడం. నారుమడిని తలుచుకోండి. బీటలు వారిన నేలలో నారు నిలవదు, మొలలోతు నీళ్ళు నిలిచినా కుళ్ళిపోతుంది. పదును ఉండాలి. పుండుకీ అంతే. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల మీద చిన్న గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలేసి, కొన్నింటిని పలచటి పొరతో కప్పి ఉంచి చూశాడు. కప్పినవి దాదాపు రెండింతలు వేగంగా మానాయి. పుండుని గాలి తగిలేలా వదిలేసి ఎండబెట్టాలన్న పాత పద్ధతి మీద అప్పటి నుంచే అనుమానాలు మొదలయ్యాయి.

పొడి మీద పొడి చల్లితే ఏమవుతుందో మీ ఇంట్లోనే కనిపిస్తోంది. రసి, పొడి కలిసి ముద్దై, పైన సున్నం పూసినట్టు పెచ్చు కడుతుంది. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, చీము కనపడదు. అడుగున వెచ్చగా, తడిగా, గాలి ఆడకుండా సూక్ష్మజీవులకి కావలసినవన్నీ ఉంటాయి. బయటికి పోవలసిన చీముకి దారి మూసుకుపోయి లోపలికి తిరుగుతుంది. పైన చల్లే కొత్త పొడి పాత పెచ్చు మీదే పడుతుంది గానీ పుండుకి తగలనే తగలదు. రోజుకి నాలుగుసార్లు చల్లుతున్నారంటే నాలుగుసార్లూ పెచ్చుకే వైద్యం చేస్తున్నారు.

ఆయింట్‌మెంట్ వల్ల చీము పడదు. పప్పు తింటే చీము పడుతుందనే మాట లాంటిదే ఇదీ. ఆ పప్పు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను: కొత్త కండ పెరగాలంటే మాంసకృత్తులు కావాలి. మావయ్యగారికి పప్పు, గుడ్డు, చేప మానిపించి చారన్నం పెడుతుంటే ఇవాళ్టి నుంచి ఆపండి. కిడ్నీ పరీక్షలో ఏమైనా తేలి డాక్టరు వద్దంటే తప్ప పెట్టాల్సిందే.

చిన్న చిన్న శుభ్రమైన గాయాలకి అసలు యాంటీబయాటిక్కే అక్కర్లేదేమో అని నాకు రానురాను అనిపిస్తోంది. 1996లో అమెరికాలో చర్మానికి చిన్న ఆపరేషన్లు చేయించుకున్న 900 మందికి పైగా మనుషుల్లో సగం మందికి బాసిట్రాసిన్ ఆయింట్‌మెంట్, సగం మందికి మామూలు వాజ్‌లైన్ ఇచ్చి చూశారు. చీము పట్టడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బాసిట్రాసిన్ రాసుకున్న వాళ్ళలో మాత్రం నలుగురికి ఎలర్జీ వచ్చింది. వాజ్‌లైన్ వాళ్ళలో ఒక్కరికీ రాలేదు.

ఎలర్జీ అంటే గుర్తొచ్చింది. మా షాపుకి ఒక కొబ్బరి దింపు కార్మికుడు వచ్చేవాడు. చెట్టెక్కేటప్పుడు ఛాతీ, తొడలు గీసుకుపోతాయి కదా, దానికి పౌడరు తీసుకెళ్ళేవాడు. ఒకసారి రెండు వారాల్లో మూడు డబ్బాలు కొన్నాడు. మూడోసారి నాకు అనుమానమొచ్చి చొక్కా విప్పమన్నాను. గీతలు ఎప్పుడో మానిపోయాయి. వాటి చుట్టూ పొడి పడిన మేరకి అరచేయి వెడల్పున ఎర్రగా కమిలి, సన్నటి నీటి పొక్కులు లేచి, దురద. పుండు పెరుగుతోందనుకుని అతను పొడి ఎక్కువ చల్లుతున్నాడు, చల్లేకొద్దీ అది పెరుగుతోంది. నియోమైసిన్ ఎలర్జీ. మందు ఆపించి చర్మ డాక్టరు దగ్గరికి పంపిస్తే పది రోజుల్లో తగ్గింది. మొదటి డబ్బా దగ్గరే నేను చూసుంటే బాగుండేది. ఈ ఎలర్జీ అరుదైనదేమీ కాదు. చర్మపు ఎలర్జీల మీద పనిచేసే అమెరికన్ డాక్టర్ల సంఘం ఏటా జనం జాగ్రత్తపడాల్సిన ఒక పదార్థాన్ని ప్రకటిస్తుంది. 2003లో బాసిట్రాసిన్, 2010లో నియోమైసిన్ ఆ జాబితాకెక్కాయి. గుర్తు పట్టడం సులువే. చీము పడితే నెప్పి, సలపరం ఎక్కువ. ఎలర్జీ అయితే దురద ఎక్కువ.

నియోమైసిన్‌కి ఇంకో చెడ్డ గుణం ఉంది. పచ్చి చర్మం నుంచి రక్తంలోకి ఎక్కువగా చేరితే చెవి నరాన్నీ కిడ్నీలనీ దెబ్బతీస్తుంది. మావయ్యగారి మడమంత పుండుకి ఈ భయం పెద్దగా అక్కర్లేదు. ఒళ్ళు కాలి చర్మం ఊడినప్పుడు, వీపంతా పుళ్ళు పడినప్పుడు, అదీ కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్ళకి డబ్బాలు డబ్బాలు చల్లితే మాత్రం ప్రమాదం. చెవిలో చీము కారుతోందని కాగితం గొట్టంతో ఈ పొడి ఊదించుకునేవాళ్ళని చూశాను. కర్ణభేరికి చిల్లుంటే మందు నేరుగా లోపలికి పోతుంది, ఆ తర్వాత చెవుడొస్తే తిరిగి వినపడటం కష్టం. చెవిలో, ముక్కులో, కంట్లో ఈ పొడి వేయకూడదు.

మీ వారి వేళ్ళ సందుల సంగతి చిన్నదే, కానీ డబ్బా తప్పు. ఊడ్పుల్లోనో చెరువులోనో రోజంతా కాళ్ళు నానేవాళ్ళకి చిటికెన వేలి పక్క సందులో మొదలై, చర్మం తెల్లగా నాని, పాలిపోయి, చీలి, దురద పెడుతుందే, అది ఎక్కువగా ఫంగస్ పని. యాంటీబయాటిక్ పౌడరు ఫంగస్‌ని ఏమీ చేయలేదు. షాపులో ఈ డబ్బాలన్నీ తెల్లగా ఒకేలా ఉంటాయి, యాంటీబయాటిక్‌ది, ఫంగస్‌ది, చెమటకాయలది. పేరు చదివి తీసుకోవాలి. ఫంగస్‌కి క్లోట్రిమజోల్ లాంటిది రోజుకి రెండుసార్లు చొప్పున దాదాపు 4 వారాలు వేయాలి. మూడో రోజుకే దురద తగ్గిందని ఆపేస్తే మళ్ళీ వస్తుంది. ఇంటికొచ్చాక కాళ్ళు కడుక్కుని, ఒక్కో వేలి సందూ పొడిగుడ్డతో అద్దుకోవడం ఆ మందుకంటే ముఖ్యం. "గజ్జికీ తామరకీ దురదకీ అన్నింటికీ ఒకటే" అని అమ్మే ట్యూబులు మాత్రం వద్దు. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు మాయలా తగ్గించి, ఆ తర్వాత తామరని తొడలంతా పాకిస్తుంది. ఇంకో సంగతి, ఆ చీలికల్ని తేలిగ్గా తీసుకోవద్దని ఆయనకి చెప్పండి. పొలం నీళ్ళలో ఎలుకల మూత్రం కలిస్తే అందులోంచి ఎలుక జ్వరం సోకేది ఇలాంటి చీలికల గుండానే.

అత్తయ్యగారి బోదకాలికి పొడి కంటే నీళ్ళూ సబ్బూ గొప్ప మందు. నేను తేలిగ్గా అంటున్న మాట కాదిది. మన గోదావరి జిల్లాల్లో తరాలుగా ఉన్న జబ్బు కాబట్టి ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నేర్పించేది కూడా ఇదే. రోజూ రాత్రి మామూలు సబ్బుతో, మంచినీళ్ళతో మెల్లగా కడగాలి. ప్రతి మడతా, వేళ్ళ సందులూ మెత్తటి గుడ్డతో తడి లేకుండా అద్దాలి, రుద్దకూడదు. పడుకున్నప్పుడు కాలు కింద దిండు పెట్టుకోవాలి. మడతల్లో చల్లిన పొడి చెమటకి ముద్దకట్టి అక్కడే రాసుకుంటుంది, కొత్త పుండు పడుతుంది. చీలిక కనపడితే దానికేం రాయాలో మీ ఊరి పీహెచ్‌సీలో అడగండి. చలిజ్వరం, గజ్జల్లో బిళ్ళ, కాలంతా ఎర్రబడటం వస్తే ఆ రోజే చూపించాలి. ప్రతిసారి అలా వచ్చి పోయినప్పుడల్లా కాలు మరికాస్త లావెక్కుతుంది.

పాపకి అసలు వద్దు. చెమటకాయలు చెమట గ్రంథుల దారి మూసుకుపోయి వచ్చేవి, వాటికి యాంటీబయాటిక్‌తో పనిలేదు. ఇంకో పొర పొడి వేస్తే ఆ దారులు మరింత మూసుకుంటాయి. రెండుపూటలా చన్నీళ్ళ స్నానం, పలచటి నూలు గౌను, ఫ్యాను గాలి చాలు. చెమటకాయల పౌడర్లు కూడా కొన్నింటిలో బోరిక్ యాసిడ్ ఉంటుంది. పసిపిల్లలకీ, ఒరిసిన చర్మానికీ అది మంచిది కాదు. పైగా డబ్బా నొక్కి బుస్సుమని కొడితే ఎగిరే దుమ్ము పాప ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొక్కుల్లో పసుపుపచ్చగా చీము కనిపిస్తే పిల్లల డాక్టరుకి చూపించండి.

సరే, ఎప్పుడైనా చిన్న గాయమై ఈ పొడి వాడాల్సి వస్తే ఎలా వాడాలి? ముందు మీ చేతులు కడుక్కోండి. గాయాన్ని కుళాయి నీళ్ళ ధార కింద పట్టి మట్టీ ఇసుకా పోయేదాకా కడగండి. తాగడానికి పనికొచ్చే నీళ్ళయి ఉండాలి, కాలవ నీళ్ళు కాదు, చెరువు నీళ్ళు అసలే కాదు. చుట్టూ సబ్బు పెట్టచ్చు. శుభ్రమైన గుడ్డతో అద్ది, పొడి పలచగా, కింద చర్మం కనిపించేంతగా వేయండి. ఆవకాయ ముక్కకి కారం పట్టించినట్టు పట్టించకూడదు. డబ్బా మూతి పుండుకి తగలనివ్వద్దు. పైన గాజుగుడ్డ కట్టండి. రోజుకి ఒకటి రెండుసార్లు చాలు. మళ్ళీ వేసే ముందు పాత పొడిని నీళ్ళతో నానబెట్టి పూర్తిగా కడిగేయాలి. చాలామంది చేయని పని ఇదే, చేయాల్సిన పనీ ఇదే. రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోతే చూపించండి. ఎంత బాగున్నా వారం దాటి వాడద్దు.

ఒక మనిషి డబ్బా ఒక మనిషికే. మీ ఇంట్లో ఒకే డబ్బా చీముపట్టిన మడమ నుంచి వేళ్ళ సందులకీ, అక్కణ్ణుంచి పాప మెడకీ తిరుగుతోంది. మందుతో పాటు ఇంకేం తిరుగుతున్నాయో చెప్పక్కర్లేదు. పొడి గడ్డకట్టినా, తేదీ దాటినా, ఆ గాయం మానిపోయినా పారేయండి, బీరువా మీద దాచకండి. పారేసేటప్పుడు కాలవలోనో చెరువులోనో కాదు. మన రొయ్యల సరుకు యాంటీబయాటిక్ అవశేషాలున్నాయని ఓడరేవుల్లోంచి వెనక్కొచ్చిన బాధ మావయ్యగారికి నేను చెప్పాలా?

మీరు అడగలేదు గానీ, పౌడరు అయిపోతే క్యాప్సూల్ విప్పి పుండు మీద పోసే అలవాటు మన వైపు బాగా ఉంది. టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ పసుపుపచ్చగా ఉంటుంది కదా, పసుపుకి చెల్లెలు అనుకుంటారేమో. ఆ మందు వంశానికి మొదటిది ఆరియోమైసిన్. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకి సారథిగా ఉన్నప్పుడు 1948లో అది లోకానికి వచ్చింది. ఆయన మీద గౌరవం ఉంటే డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు మింగాలి గానీ విప్పి చల్లకూడదు. ముఖ్యంగా ఆంపిసిలిన్ లాంటి పెన్సిలిన్ రకాలు పుండు మీద పోస్తే ఒంటికి ఎలర్జీ అలవాటవుతుంది. రేపెప్పుడైనా అదే మందు ప్రాణం నిలబెట్టడానికి కావలసి వస్తే వాడటానికి వీల్లేకుండా పోతుంది.

పసుపు, కాఫీపొడి, సున్నం కూడా ఇదే కోవ. పెచ్చు కడతాయి, దాస్తాయి. వీటిలో ఏదైనా ఆ మడమ మీద పడి ఉంటే డాక్టరుకి దాచకుండా చెప్పండి, తిట్టినా పరవాలేదు.

వెళ్ళేటప్పుడు ఆ పెచ్చుని మీరు గీకి తీయకండి, కొత్త పొడి చల్లకండి. శుభ్రమైన గుడ్డ వదులుగా చుట్టి, బండి మీద వెనక కూర్చోబెట్టి తీసుకెళ్ళండి, నడిపించకండి. షుగరు మాత్రల అట్టలు, పాత పరీక్షల కాగితాలు, వాటితో పాటు ఆ పౌడరు డబ్బా కూడా సంచీలో వేసుకోండి. ఇన్ని రోజులు ఏం వాడారో డాక్టరు దాన్ని చూసే తెలుసుకుంటారు. మావయ్యగారు చెరువు వదిలి రానంటే, ఈ రాత్రికి ఏరేటర్ల దగ్గర ఎవరుంటారో ముందు మీ వారితో మాట్లాడి ఏర్పాటు చేసి, ఆ తర్వాతే ఆయన్ని బయల్దేరమనండి.